నాలుగో పెట్టె దాకా వెళ్ళని మావయ్య

మా మావయ్యకి కోపం తెప్పించడానికి మీరు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు. ఆయన పనిచేసే పతకాల గదిలోకి వచ్చి నిలబడండి, చాలు. మిగతాది ఆయన చూసుకుంటాడు.

సైనిక మ్యూజియంలో ఆ గదికి మావయ్య గైడు. అదే మ్యూజియం ఆఫీసులో సందర్శకుల ఫిర్యాదులు వినే బల్ల నాది. అంటే అక్కడ మేనమామ తిడతాడు, ఇక్కడ మేనకోడలు క్షమాపణ చెబుతుంది. ఒకే కుటుంబానికి ఇందుకోసం రెండు జీతాలు ఇస్తున్నామని డైరెక్టరు గారు అంటూ ఉండేవారు. సరదాకి అంటున్నారని మొదట్లో అనుకున్నాను. కాదు, మనస్ఫూర్తిగానే అనేవారు.

ఆ గదిలో ఉన్నదంతా దేశంలో సైనికుడికిచ్చే అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం చరిత్ర. దాని అసలు పేరు బారెడుంటుంది. అందరూ 'పెద్ద పతకం' అంటారు. గోడ వెంబడి వరసగా నాలుగు అద్దాల పెట్టెలు. మొదటి పెట్టెలో పతకం ఎలా పుట్టిందో ఉంటుంది, రెండోదాంట్లో ఎవరికివ్వాలన్న నిబంధనలు, మూడోదాంట్లో చనిపోయాక ఇచ్చిన పతకాలు. నాలుగోదాని దాకా మావయ్య ఎవరినీ తీసుకువెళ్ళేవాడు కాదు కాబట్టి నేనూ దాని సంగతి తర్వాతే చెబుతాను.

మొదటి పెట్టె దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"ఇది బంగారమేనాండీ?"

"బంగారమా? ఏం, మెళ్ళో వేసుకుంటారా? కంచు బాబూ, కంచు! పూర్వం సరిహద్దు కోట మీద శత్రువులు పడ్డప్పుడు మోగాల్సిన గంట ఉందే, దాని కంచు. మోగిందా? మోగలేదు! మోగించమని చెప్పాల్సిన అధికారులంతా విందులో ఉన్నారు. కోట పోయింది, పరువు పోయింది, గంట మిగిలింది. ఇకముందైనా ఒకడు మేలుకుని ఉంటాడని దాన్ని కరిగించి పతకాలు పోశారు. మీరేమో వచ్చి రేటు అడుగుతారు!"

"నేను రేటు అడగలేదండీ..."

"అడగబోయారు! మొహం చూస్తే తెలీదూ?"

ఆయన గొంతు కూడా ఆ గంటలోంచే పోసినట్టుంటుంది. మొదటి పెట్టె దగ్గర మొదలుపెడితే పక్క గదిలోని పాత ఫిరంగులు చూసేవాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. మ్యూజియంలో ఆయన్ని 'కంచుగారు' అనేవారు, ఆయన లేనప్పుడు.

రెండో పెట్టె దగ్గర కోపం ఇంకో మెట్టు ఎక్కేది. "గంట మోగించనిది ఎవరు? అధికారులు. మరి పతకం మొదట్లో ఎవరికని రాశారు? అధికారులకే! మామూలు సిపాయి ధైర్యం చేస్తే అది వాడి డ్యూటీ అట. అదే పని అధికారి చేస్తే శౌర్యమట!"

ఒక పెద్దమనిషి మర్యాదగా, "అప్పటి పరిస్థితులు అలా ఉండేవేమో" అన్నాడు. అంతే, మావయ్య ఇంతెత్తున లేచాడు.

"ఏమో అంటారేమిటి? చూస్తూ ఎలా ఊరుకున్నారండీ మీరంతా?"

ఆ పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు. "అమ్మా, నేను పుట్టకముందు జరిగినదానికి ఆయన నన్ను నిలదీస్తున్నాడు" అన్నాడు. మావయ్య తరఫున నేను మంచినీళ్ళిచ్చి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక మూడో పెట్టె. "చచ్చిపోయినవాడికి పతకం ఇవ్వకూడదని మొదట్లో నిబంధన! వినండి! అంటే గుండు తగిలినవాడేం చెయ్యాలి? సభ పెట్టేదాకా ఊపిరి బిగబట్టుకుని కూచుని, పతకం తగిలించుకుని, ఫోటో దిగి, అప్పుడు 'ఇక సెలవు' అని పోవాలా?"

ఎవరైనా కిసుక్కున నవ్వేవారు. "నవ్వొస్తోందా?" అని వాళ్ళ మీద పడేవాడు. నవ్వకపోతే, "రాయిలా నిలబడ్డారేం, మనసు లేదా?" అనేవాడు. రెండూ కాకపోతే ఎవరో ఒకరు అద్దం మీద చెయ్యి వేసేవారు. అద్దం మీద చెయ్యి పడితే మావయ్య ఎదుట ఎవరున్నా లెక్కచేసేవాడు కాదు. "చెయ్యి! చెయ్యి తియ్యండి!" అని గావుకేక పెట్టి, జేబురుమాలు తీసి, అద్దం తుడిచి, "చాలు, మీకు చరిత్ర అక్కర్లేదు, పదండి బయటికి" అని అందరినీ వరండాలోకి తోలేసేవాడు. సందర్శనం అక్కడితో సరి. తిట్లు తిన్న జనం వరసగా నా దగ్గరికి వచ్చేవారు.

ఇక పడలేక ఒకరోజు వాళ్ళింటికెళ్ళి అత్తయ్యతో మొరపెట్టుకున్నాను. "మావయ్య కోపంతో నా ఉద్యోగం ఊడేలా ఉంది అత్తయ్యా. నువ్వైనా చెప్పు."

"మీ మావయ్యకి కోపమా?" అంటూ అత్తయ్య పడీపడీ నవ్వింది. "ఈయన ఒక్కసారి కోప్పడితే చూద్దామని నేను కూరలో ఉప్పు మానేసి కూడా చూశానే. 'ఇవాళ కూర కొత్తగా ఉందే' అని మారు వడ్డించుకున్నాడు."

అప్పుడు మావయ్య పీట మీద కూచుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన కుర్చీలో పిల్లి పడుకుని ఉంది. దాని నిద్ర చెడగొట్టడమెందుకని పీట వేసుకున్నాడట. నాకు ఒళ్ళు మండింది. పిల్లికి చూపించే మర్యాద టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళకి చూపిస్తే ఈయన సొమ్మేం పోయింది?

ఇలా ఉండగా డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. పతకం వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఒక మాజీ సిపాయి వస్తున్నారు. పెద్ద పతకం అందుకున్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది ఆయన ఒక్కరే. ఆ పతకం ఉన్నవాడు ఎదురైతే జనరల్ అయినా సరే, ముందు తానే సెల్యూట్ కొట్టాలన్నది మా సైన్యంలో ఆచారం. అంతటి మనిషి.

"ఆయన నాలుగు పెట్టెలూ చూడాలి. మీ మావయ్య మధ్యలో తగువు పెట్టుకున్నాడో, మర్నాటి నుంచి ఆయన్ని కింద స్టోరులో వేస్తాను. విరిగిన తుపాకులతో పోట్లాడుకోమను. ఈలోగా నువ్వోసారి ఆయన వెంట తిరిగి సంగతేమిటో చూడు" అన్నారు.

వెళ్ళాను. ఆ రోజు వచ్చింది ఒక నర్సుల బృందం. అంత బుద్ధిమంతుల్ని నేనెక్కడా చూడలేదు. బంగారమా అని అడగలేదు, 'ఏమో' అనలేదు, నవ్వాల్సిన చోట నవ్వి ఊరుకోవాల్సిన చోట ఊరుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని మరీ చూశారు. మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి మావయ్య మొహంలో కంగారు మొదలైంది. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, ఏమీ దొరకదు. నర్సులు నాలుగో పెట్టె వైపు కదిలారు. అంతలో ఒకామె చేతిలోని గొడుగు ఆయన కంటబడింది.

"ఆ గొడుగేమిటి?"

"ఏమైందండీ?"

"అమరుల ముందు గొడుగు అలా వంకరగా పట్టుకుంటారా? మర్యాద లేదా? పదండి బయటికి!"

పాపం ఆమె గొడుగు నిటారుగా పట్టుకుని, బిక్కచచ్చిపోయి బయటికి నడిచింది. అప్పుడు నాకు అర్థమైంది. ఈయనకి కోపం రావడం లేదు, ఈయనే కోపాన్ని వెతుక్కుంటున్నాడు. ఆ నాలుగో పెట్టెలో ఏముందో చూద్దామని దాని దగ్గరికి నడిచాను.

మఖమలు గుడ్డ మీద పతకం ఆకారంలో ఒక గుంట. పతకం లేదు. కింద ఒక పేరు, దాని కింద ఇత్తడి బోర్డు: 'దొంగతనం నేరం కారణంగా పతకం వెనక్కి తీసుకోబడినది.' ఆ పెట్టెకి ఎదురుగానే సందర్శకులు వరండా వైపు నుంచి సంచులు వదిలిపెట్టే కౌంటరు. అక్కడ టోకెన్లు సర్దుకుంటూ సంచులక్క కూచుని ఉంది. మ్యూజియంలో అందరికీ ఆమె అక్కే, మావయ్యకి కూడా.

వరండాలోకి వెళ్ళి మావయ్యని పట్టుకున్నాను. "ఎవరు మావయ్యా అతను?"

"మెల్లిగా మాట్లాడు" అన్నాడు. ఆ బిల్డింగులో మావయ్య నోట ఆ మాట వినడం అదే మొదలు. "సంచులక్క వాళ్ళ నాన్న. వంతెన కూలిపోతుంటే గాయపడ్డవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ వీపున మోసి ఇవతలికి చేర్చాడు. పతకమిచ్చారు. యుద్ధం అయిపోయింది, ఇంటికి పంపేశారు. పనిలేదు. చలికాలం, పిల్లకి జ్వరం. సైన్యం స్టోరులోంచి రెండు కంబళ్ళు తీశాడు. తప్పు చేసినవాడి దగ్గర పతకం ఉండకూడదని అప్పట్లో నిబంధన. ఇంటికొచ్చి పట్టుకుపోయారు."

"ఆ నిబంధన ఇంకా ఉందా?"

"అది అన్యాయమని తర్వాత వాళ్ళే ఎత్తేశారు. అప్పటికి ఆయన పోయాడు. పోయినవాడికి పతకం తిరిగివ్వాలని ఎవరికీ తోచలేదు. బోర్డైనా తియ్యండయ్యా అని వచ్చిన ప్రతి డైరెక్టరునీ అడిగాను. 'అది చరిత్ర, మనం మార్చకూడదు' అంటారు. జనం ఊరుకుంటారా? బోర్డు పైకి చదువుతారు. దొంగకి పతకమిచ్చారట అని నవ్వుతారు. అక్క వాళ్ళ సంచులకి కాపలా కాస్తూ అదంతా వినాలి. అందుకని..."

"అందుకని గొడుగు వంకరగా ఉందన్నావా?"

"మరేం చెయ్యను? వాళ్ళు ఒక్క తప్పూ చెయ్యలేదు!"

"అక్కకి తెలుసా, నువ్విలా చేస్తున్నావని?"

"తెలీదు. నువ్వు చెప్పకు."

కంబళ్ళు పోయాయని పతకం పట్టుకుపోవడానికి మనుషులు దొరికారు గానీ, తప్పు తెలిశాక ఒక బోర్డు ఊడదీయడానికి మనిషి దొరకలేదా? నేరుగా డైరెక్టరు గారి దగ్గరికెళ్ళి అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "చరిత్ర అమ్మాయ్, చరిత్ర" అన్నారు. పైగా బోర్డు మసిబారిందట, ఉత్సవానికి మెరుగు పెట్టించమన్నారు. ఆ పని మాత్రం నేను చెయ్యలేదు.

ఉత్సవం రోజు ముఖ్య అతిథి వచ్చారు. బక్కపలచని ముసలాయన, చేతికర్ర, పాత కోటు మీద పతకం. నక్షత్రాలు మెరిసే అధికారులంతా వరసగా నిలబడి ముందుగా ఆయనకి సెల్యూట్ కొట్టారు. ఆయనకి చెవుడు. ఏ మాటైనా మావయ్య స్థాయిలో చెబితే తప్ప వినబడదు. మొదటి మూడు పెట్టెలూ ఇద్దరికీ భలే కుదిరాయి. ఈయన అరవడం, ఆయన "ఆఁ, ఆఁ, నిజమే, వెధవలు!" అని కర్ర నేలకేసి కొట్టడం.

మూడో పెట్టె అయిపోయింది. మావయ్య చెమటలు కక్కుతున్నాడు. డైరెక్టరు గారు కన్నార్పకుండా ఆయన్నే చూస్తున్నారు.

"అయ్యా, మీ చేతికర్ర..." అన్నాడు మావయ్య ఆఖరి ప్రయత్నంగా.

"ఏంటీ?"

"ఏం లేదండీ!"

ముసలాయన తనంతట తానే నాలుగో పెట్టె దగ్గరికి నడిచారు. "ఇది ఖాళీగా ఉందేం?"

మావయ్య నోట్లోనే ఏదో గొణిగాడు.

"ఏంటీ? ఇందాకటి గొంతు ఏమైందయ్యా నీకు? గట్టిగా చెప్పు!"

డైరెక్టరు గారు సాయపడదామనుకుని ముందుకొచ్చి, గది దద్దరిల్లేలా, "దొంగతనం సార్! దొంగకి పతకం ఉండకూడదని తీసేశారు!" అన్నారు.

కౌంటరు దగ్గర టోకెన్ల చప్పుడు ఆగిపోయింది. మావయ్య సంచులక్క వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత వచ్చింది చూడండి, అదీ కోపమంటే. అన్నాళ్ళూ మేం విన్నదంతా ఉత్తుత్తిది.

"దొంగా? ఎవరండీ దొంగ? వంతెన కూలుతుంటే మనుషుల్ని వీపున మోసుకొచ్చినవాడు దొంగా? ఆయన మోసినవాళ్ళు ఇళ్ళకెళ్ళి పెళ్ళాం పిల్లల్తో బతికారు! ఆయన పిల్ల చలికి వణికితే కప్పడానికి దేశం దగ్గర గుడ్డముక్క లేదు! రెండు కంబళ్ళండీ! రెండు కంబళ్ళకి పెద్ద పతకం ఊడబెరికి, ఇత్తడి బోర్డు చేయించారు! ఆ ఇత్తడి డబ్బుతో ఇంకో కంబళి వచ్చేది!"

ముసలాయనకి ప్రతి అక్షరమూ వినబడింది. "ఆ పిల్ల బతికిందా?" అని అడిగారు.

సంచులక్క కౌంటరు వెనక లేచి నిలబడింది. "నేనేనండీ ఆ పిల్లని" అంది గట్టిగా. "కంబళి మాత్రం భలే వెచ్చగా ఉండేది."

ముసలాయన మొహం ఎర్రబడింది. కర్ర ఎత్తి నాలుగో పెట్టె అద్దం మీద టకటకా కొట్టారు. "తియ్యండి ఆ బోర్డు!"

"అది చరిత్ర సార్..." అని నసిగారు డైరెక్టరు గారు.

"చరిత్రా? నేనయ్యా చరిత్ర! నన్నడుగు! ఆయనదీ నాదీ ఒక్క గంట కంచే. ఆయన దొంగైతే నేనూ దొంగనే. కుర్రతనంలో పక్క పటాలం కోళ్ళన్నీ మాయం చేసింది ఎవరనుకుంటున్నావ్? పట్టు, ఇదీ పట్టుకుపో!" అంటూ కోటు మీది పతకం విప్పబోయారు.

వచ్చిన అధికారులంతా గుడ్లప్పగించి డైరెక్టరు గారి వైపు చూశారు. ఆయన కీచైను తీసి, మోకాళ్ళ మీద కూచుని, తాళంచెవితో ఆ బోర్డు మరలు తనే విప్పారు. ముసలాయన కర్ర తగిలి అద్దం మీద మరకలు పడ్డాయి. మావయ్య అలవాటుగా జేబురుమాలు తీశాడు. మరకల వైపు చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

అందరూ వెళ్ళాక సంచులక్క మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చింది. "తాగు తమ్ముడూ, గొంతు ఎండిపోయుంటుంది."

"అక్కా, నీకెప్పుడూ చెప్పలేదు గానీ..."

"నువ్వు చెప్పేదేమిటి? నీకు తగువు దొరక్క తంటాలు పడతావని నేనే కదా సంచి తీసుకునేటప్పుడు చెప్పి పంపేదాన్ని, అది బంగారమేనా అని ఒక్కసారి అడగండి అని. ఆ నర్సులొచ్చిన రోజు హడావిడిలో మర్చిపోయాను. పాపం, గొడుగు దాకా వెళ్ళాల్సొచ్చింది నీకు."

మావయ్య నోరు తెరిచాడు. అందులోంచి కంచు రాలేదు, గాలి కూడా రాలేదు.

ఇప్పుడు నాలుగో పెట్టెలో పేరు కింద వంతెన సంగతి రాసి ఉంది. గుంట మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. పతకం తిరిగిచ్చే విషయం పైవాళ్ళు ఆలోచిస్తున్నారట. తీసుకుపోయేటప్పుడు ఇంత ఆలోచించారా అని నేను అడిగితే నన్ను కూడా కంచుగారి మేనకోడలు అంటున్నారు. అననివ్వండి.

మావయ్య ఇప్పుడు మొదటి మూడు పెట్టెలూ గబగబా చూపించేసి నాలుగోదాని దగ్గర తిష్ఠ వేస్తున్నాడు. బస్సుకి టైమైందన్నవాళ్ళని కూడా కదలనివ్వడు. "ఇదివరకు ఇక్కడికి రానిచ్చేవాడు కాదు, ఇప్పుడు ఇక్కణ్ణుంచి పోనివ్వడు, నా చెవులు పోతున్నాయి" అని సంచులక్క వచ్చి నా బల్ల దగ్గర ఫిర్యాదు చేస్తుంది. నవ్వుతూనే చేస్తుంది.

అంతా విన్నాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మరి ఈయన పతకం ఏదండీ?" అని.

"నన్నడుగుతారేం? వెళ్ళి ఆఫీసులో అడగండి!" అని మావయ్య గర్జిస్తాడు. వాళ్ళంతా ఒక్కుమ్మడిగా నా మీదికొస్తారు, బల్ల గుద్ది మరీ అడుగుతారు. క్షమాపణలు చెప్పడం నేను మానేశాను. "గట్టిగా అడగండి, డైరెక్టరు గారి గది అటు" అని దారి చూపిస్తున్నాను.