నాబ్‌లు తిప్పకముందు వచ్చిన శబ్దం

ఈ రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లాను. అక్కడి చర్చిలో గిటారు వాయించే కుర్రాడు ఈ మధ్యే బైకు ప్రమాదంలో పోయాడు. గిటారు శబ్దాన్ని మార్చే పెడల్స్ అతనివి రెండున్నాయి. ఒకటి అమ్ముతాను, ఒకటి ఉంచుకుంటాను అన్నారు వాళ్లమ్మ. ఏది కావాలో నన్నే చూసుకోమన్నారు.

పనిచేస్తున్నాయో లేదోనని రెండింటినీ ఒకసారి వాయించి చూశాను. తర్వాత, పోల్చడానికి పాత పెడల్స్ కొనే మేమంతా చేసే పనే నేనూ చేశాను. వాటి మీద శబ్దాన్ని సరిచేసే నాబ్‌లన్నీ మధ్యకు తిప్పేశాను. ఒకటి గరగరలాడింది, ఇంకోటి మెత్తగా పలికింది.

అంతలో ఆవిడ వంటింట్లోంచి వచ్చారు.

"మొదట వాయించినావే, అది మావాని శబ్దమప్పా. ఇంకొక్కసారి అట్లే పెట్టు."

నాబ్‌లు ముందు ఎక్కడున్నాయో నేను చూసుకోలేదు. అటూ ఇటూ తిప్పుతూ వాయించాను. ప్రతిసారీ ఆవిడ కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపారు.

"చాల్లేప్పా. రెండూ నువ్వే తీసుకపో. ఇంగ ఈడ పెట్టుకోని నేనేం చేసేది?"

రెండూ ఇప్పుడు నా ముందే ఉన్నాయి. వాయించబుద్ధి కావడం లేదు. పాత పెడల్ చేతికిస్తే మీరు ముందు నాబ్‌లను ఫొటో తీసుకుంటారా? నా ఫోన్ జేబులోనే ఉండింది.