నిప్పు ఆర్పేశాక

ఆ పరీక్షశాలలో అందరూ ఆమెను మంటలావిడ అనేవారు. పని అలాంటిది మరి. గదంత కొలిమి మీద కాంక్రీటు దూలాన్ని అడ్డంగా పెట్టి, పైన బరువు మోపి, కింద నిప్పు పెడతారు. కొలిమి గోడలో అరచేయంత గాజు కిటికీ. దానికి కళ్లప్పగించి, దూలం ఎక్కడ పగులుతోందో, ఎప్పుడు పెచ్చులూడుతోందో చెప్పడం ఆమె వంతు. పెళ్లయిన కొత్తలో చేరింది. ఎన్నిసార్లు మొహం కమిలిందో లెక్కలేదు. "మా అత్తగారు కూడా నన్నింతలా మాడ్చలేదు" అని నవ్వించేది.

ఇనుప కడ్డీల దూలాలంటే ఆమెకు బెరుకు లేదు. పడబోయే ముందు అవి మూలుగుతాయి, వంగుతాయి, తప్పుకోమని చెబుతాయి. తర్వాత కొత్తరకం వచ్చాయి. ఇనుముకు బదులు గాజు నారను జిగురుతో బిగించి చేసిన కడ్డీలు. తేలిక, తుప్పు పట్టవు. కానీ ఆ దూలాలు నోరు మెదపవు. మొదటిది విరిగినప్పుడు ఒక్క చప్పుడు, అంతే. ఆనాటి నుంచి ఇంట్లో అన్నం తింటూ పైకప్పుకేసి చూడటం ఆమెకు అలవాటైంది. దర్జీ పని చేసే మొగుడు, పైనేముంది, కంచంలోకి చూడమని విసుక్కునేవాడు.

ఓ ఉదయం అలాంటి దూలమొకటి మంటను తట్టుకుంది. నిప్పు ఆపేశారు. అంతా సంబరపడుతూ భోజనాలకు కదిలారు. దూలానికి కట్టిన, వేడి కొలిచే వైర్లు విప్పుదామని ఇంజనీరమ్మ నిచ్చెన తెచ్చుకుంది. మంటలావిడ ఊరికే ఓసారి కిటికీలోంచి చూసింది. దూలం అడుగున, పగుల్లోంచి తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. మెల్లగా ఊగుతున్నాయి. తలెత్తి చూస్తే, దూలం ఎంత వంగిందో చూపే ముల్లు ఇంకా కదులుతోంది.

"మేడం, నిప్పు ఆరింది గానీ ఇది ఆగలేదు," అంది.

ఇంజనీరమ్మ ముల్లు చూసి, నిచ్చెన అక్కడే వదిలేసింది. "ఇటొచ్చెయ్ అక్కా. వేడి ఇంకా లోపలికి పోతూనే ఉంది."

ఇద్దరూ అవతలి గోడకు ఆనుకుని కూర్చున్నారు. తిని వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. పొద్దు వాలుతుండగా ముల్లు ఆగింది. దూలం పడలేదు.

పూర్తిగా చల్లారాక పగలగొట్టారు. నడుమ కడ్డీలన్నవే లేవు. జిగురంతా కాలిపోయి, ముసలామె జడ విప్పినట్టు పోగులు మిగిలాయి. కొలిమి బయటున్న రెండు కొసల్లో మాత్రం, నిప్పు సోకని కడ్డీలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆ కొసలు గట్టిగా పట్టుకోబట్టే మధ్యనున్న పోగులు అంత బరువూ మోశాయని ఇంజనీరమ్మ విడమరిచి చెప్పింది. మంటలావిడకు అర్థమైంది. అయినా ఆ పోగులను ఊడ్చడానికి చేతులు రాలేదు.

కొన్నాళ్లకు మొగుడు ఆమె తలలోంచి తెల్ల వెంట్రుక ఒకటి లాగాడు. నీకూ నెరిసిందే అని ఏడిపించబోయి, వేళ్ల మధ్య నలిపి ఆగిపోయాడు. దారాలతో బతికినవాడు.

"ఇది నీది కాదు," అన్నాడు.

ఆమె దాన్ని పట్టకారుతో పొయ్యి మంట అంచున పెట్టింది. ముడుచుకోలేదు. కమురు వాసన రాలేదు. ఎర్రగా వెలిగి, ఇవతలికి తీయగానే మళ్లీ తెల్లబడింది.

రిటైరయ్యేదాకా ఆమె ఆ పని వదల్లేదు. ముల్లు ఆగేవరకూ ఎవర్నీ దూలం దరిదాపులకు పోనిచ్చేది కాదు. ఇంట్లో మాత్రం, దువ్వెనకు చిక్కిన తెల్లవాటిలో తనవేవో తేల్చుకోవడం ఇష్టం లేక, తల దువ్వుకునేటప్పుడు లైటు వేసుకోవడం మానేసింది.