కవి సారు కవితల్లో ఉప్పు చూసిన వైనం

ఆ వయసులో ఎవరి మొహం మీదా ఉన్న మాట అనే ధైర్యం నాకు లేదు గానీ, చేతికి పెన్సిల్ దొరికితే మాత్రం ఎవరన్నా భయం ఉండేది కాదు. చదువు ఐదుతో ఆగిపోయినా, పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారేసేదాన్ని కాదు. అప్పట్లో మైపాడులో మా ముందుగదిలో ఒక కవిగారు అద్దెకు దిగారు. సముద్రం మీద కవితలు రాయడానికి వచ్చిన మనిషి చేప ముట్టరు (వాసనకు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునే అలల్ని పొగిడేవారు). మంచి మనిషి. తన పుస్తకం నాకిచ్చి, "చదివి ఎలా ఉందో చెప్పమ్మా. దీన్నీ ఎవరూ చదవకపోతే ఇక రాయను" అన్నారు. మూడు రోజులకు "శానా బాగుంది సార్" అన్నాను. అసలు అభిప్రాయాలు మాత్రం ప్రతి కవిత పక్కనా పెన్సిల్‌తో, నాకు తెలిసిన వంట భాషలో రాసుకున్నాను. 'ఉప్పు చాల్లేదు.' 'నీళ్ళెక్కువ.' అలల మీద రాసిన ఆరు పేజీల దానికి 'ముక్కల్లేవు, అంతా పులుసే.' వాళ్ళమ్మ గాజుల మీద రాసిన చిన్న కవితకు 'రేపటికి' అని ఒక్క మాట.

ఒక ఆదివారం ఆయన నెల్లూరులో సభకు బయలుదేరుతూ, తన దగ్గర ఒక్క పుస్తకమూ మిగల్లేదంటే, మా అక్క నా దిండు కింద ఉన్నది తీసి ఇచ్చేసింది. నేను నీళ్ళబిందెతో వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది.

"అందులో నేను రాసుండానక్కా."

"ఏం రాసినావు మే, పేరేగా?"

"ముక్కల్లేవని."

అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎవురూ చదవకపోతే మానేస్తానన్నాడు గదమ్మే ఆయన. నువ్వు చదివి మానిపించినావు."

సాయంత్రం దాకా నాకు ముద్ద దిగలేదు. ఆయన వచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచారు. సభలో కవిత చదవబోతే నా రాత కంటబడిందట. నవ్వు ఆపుకోలేక, దగ్గొచ్చిందని మంచినీళ్ళు అడిగారట. "ఉప్పూ నీళ్ళూ అర్థమయ్యాయి. అమ్మ కవితకు ఈ 'రేపటికి' ఏమిటమ్మా? ఇవాళ్టికి పనికిరాదనా?" అంటూ ఆ పేజీ నా వైపు తిప్పారు.

"కాదు సార్," అన్నాను తల వంచుకునే. "చేపల పులుసు కాచిన పూట అందురూ తింటారు. రుచి తెలిసినోళ్ళు రేపటికని దాచుకుంటారు. పులుపు ముక్కకు పట్టేది మర్నాడే గదా. మీ అమ్మది అట్టాంటిది. దాన్ని మూడు దినాలూ చదివినా."

ఆయన పుస్తకం మూశారు. "ఇన్నేళ్ళుగా అందరూ బాగుందనే అన్నారు. తిన్నట్టు చెప్పింది నువ్వొక్కదానివే" అని, లోపలికి వెళ్ళి, ఇంకా అచ్చుకాని కవితల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు.

ఇప్పుడు నా ఫోన్‌కు రోజూ ఎవరో ఒకరి కవితలు వస్తూనే ఉంటాయి. అన్నింటికీ చప్పట్ల బొమ్మ పెట్టేస్తాను, కొన్నింటికి చదవకుండానే. మర్యాద బాగా ఒంటబట్టింది మరి. అప్పటి ఆ పెంకిపిల్ల పక్కనుంటే నా గురించి ఏం రాసేదో అనుకుని, ఒక్కోసారి నాలో నేనే నవ్వుకుంటాను.