మూడు పాత టిల్లర్లు, ఒక పొదిగే కోడి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, జూలై నెల. హుకుంపేటలో సంత వీధి చివర నాకు రిపేరు షెడ్డు ఉంది. ఆయిల్ ఇంజన్లు, పవర్ టిల్లర్లు బాగుచేస్తాను. మాది కిందన చోడవరం వైపు. ఏదో ఒక సీజన్ చూసుకుని వెళ్లిపోదామని ఈ ఏజెన్సీ కొండలెక్కినవాణ్ణి, ఇరవై ఏళ్లయినా దిగలేదు.

పవర్ టిల్లర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. అది రెండు చక్రాల చిన్న ట్రాక్టరు. ముందు ఇంజన్, మధ్యలో గేర్‌బాక్స్, వెనక మట్టిని తిరగేసే రోటరీ, పట్టుకుని నడపడానికి పొడవాటి హ్యాండిళ్లు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉండే మడుల్లోకి పెద్ద ట్రాక్టరు వెళ్లలేదు. ఇది వెళ్తుంది.

ఆ జూలైలో సన్యాసి అనే రైతు తన టిల్లర్ గేర్‌బాక్సును ఆటోలో వేసుకుని వచ్చాడు. విప్పి చూస్తే పళ్లు విరిగిన గేర్లు నూనెలో ఈదుతున్నాయి. నాలుగు కుటుంబాలు ఆ ఒక్క టిల్లర్‌ను నమ్ముకుని ఎడ్లను అమ్మేసుకున్నాయి.

"నారు ముదిరిపోతంది బావూ. వారంలోగా దమ్ము పట్టకపోతే ఈ ఏడు మడులన్నీ బీడే" అన్నాడు.

ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది. విశాఖపట్నంలో నాకు తెలిసిన స్పేర్ పార్టుల షాపులన్నిటికీ ఫోన్ చేశాను. ఒకాయన ఆ మోడల్ పేరు విని, "అది ఇంకా బతికే ఉందా?" అని ఆప్యాయంగా అడిగాడు. ఇక మిగిలింది డోనర్ ఒక్కటే. పాడైపోయిన పాత బండిని కొని, అందులో పనికొచ్చే భాగాలు తీసుకుంటాం. మా వృత్తిలో దాన్నే డోనర్ అంటాం. కొనడం సులువు. ఏది కొనాలో తేల్చుకోవడమే కష్టం. అంతకుముందు నేను కొన్న రెండు డోనర్లు నాలుగు బోల్టులు దానం చేసి, షెడ్డు వెనక బీరపాదుకు పందిరిగా స్థిరపడ్డాయి. ఇంకో తుక్కు బండి తెస్తే నన్ను కూడా దాని పక్కనే పడుకోమంటానని మా ఆవిడ ముందే చెప్పింది.

సంతకు పసుపు తెచ్చిన ఒకామె మాటల్లో తెలిసింది, పెదబయలు అవతల వాళ్ల ఊళ్లో బుద్రయ్య అనే పెద్దాయన దగ్గర అదే మోడల్‌వి మూడు టిల్లర్లు మూల పడి ఉన్నాయని. ఒకప్పుడు ఊరి రైతు సంఘానికి వచ్చినవట. సంఘం విడిపోయాక, అందరికంటే వాకిలి పెద్దదని మూడూ ఆయన ఇంటికి చేరాయి. మర్నాడు తెల్లవారగానే సన్యాసీ నేనూ జీపెక్కాం. రోడ్డు అయిపోయిన చోట దిగి రెండు వాగులు దాటి నడిచాం.

సంత నుంచి ఆమె చేరవేసిన కబురు విని, బుద్రయ్య మాకోసం చూస్తున్నాడు. వయసు అరవై దాటి ఉంటుంది, మెడలో కొత్త తువ్వాలు. "మూడూ రన్నింగ్ కండిషనే బావూ. తోలేవోల్లు నేక ఊరకున్నాయి" అన్నాడు.

మొదటిది చూసి నాకు ముచ్చటేసింది. నిగనిగలాడే పచ్చరంగు. దగ్గరికెళ్తే రంగు వాసన. బాడీకే కాదు, ఫ్యాన్ బెల్టుకు కూడా పచ్చరంగే. ఆ ఇంటి తలుపులు కూడా సరిగ్గా అదే రంగులో ఉన్నాయి.

"మావా, రంగెప్పుడేశావు?"

"ఏటి రంగు? పుట్టుకతో వొచ్చిన రంగది" అన్నాడు. ఆయన గోళ్లు కూడా పచ్చగానే ఉన్నాయి. నేను గోళ్ల వైపు చూడటం చూసి చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

క్రాంక్ హ్యాండిల్ వేసి ఇంజన్ తిప్పాను. కంప్రెషన్ లేదు. అంటే లోపల గాలి బిగువు పోయి, హ్యాండిల్ బావి గిలకలాగా ఊరికే తిరుగుతోంది. అయినా నాకు ఇంజన్ అక్కర్లేదు కదా. గేర్ రాడ్ పట్టుకుని కదిపాను. పెరుగులో గరిటెలాగా హాయిగా తిరిగింది. ఇంత మెత్తగా గేర్లు పడే టిల్లర్‌ను నేనెప్పుడూ చూడలేదు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. కానీ పక్కన సన్యాసి నా మొహంలోకి చూస్తున్నాడు, నారు నా కళ్ల ముందు ముదిరిపోతోంది.

"ఇది తీసుకుంటాం మావా" అన్నాను. బుద్రయ్య వెంటనే నా చెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి పచ్చనయింది.

అప్పుడు పొలం నుంచి ఆయన భార్య కొండమ్మ వచ్చింది. తలమీద గడ్డిమోపు దించి, అరుగు మీద కూర్చుని మా వైపు చూస్తోంది. నేను గేర్‌బాక్స్ పైమూత బోల్టులు విప్పి ఎత్తాను.

లోపల గేర్లు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. వాటి స్థానంలో ప్లాస్టిక్ కవర్లలో కట్టిన పొట్లాలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే రాజ్‌మా విత్తనాలు.

నాకంటే ఎక్కువగా నిర్ఘాంతపోయినవాడు బుద్రయ్య. "ఇయ్యి ఇక్కడెందుకున్నాయే?" అన్నాడు.

"ఎలకలు ఇనుము కొరకలేవని నానే ఎట్టినాను" అంది కొండమ్మ. "రెండేల్లనించి అందులోనే ఎడతన్నాను. నువ్వెప్పుడన్నా ఇప్పి సూసినావేటి? రంగేసినావు."

"మరి గేర్లేమయ్యాయి అత్తా?" అన్నాను.

"దీని పేగులు తీసి ఆ రెండో దానికేసినారు. అది ఆటిని కూడా నమిలేసింది."

రెండోదాని మూత తీశాను. నిజంగానే నమిలేసింది. సన్యాసి నేలమీద చతికిలబడ్డాడు.

"అత్తా, ఈ మాట ముందే చెప్పొచ్చు కదా" అన్నాను.

"నన్నెవులడిగినారు?" అంది.

ఆ జవాబు విన్నాక నేను రెంచీ కింద పెట్టి, ఆమె ఎదురుగా వెళ్లి కూర్చుని అడగడం మొదలుపెట్టాను. మూడోది ఎన్నాళ్లు నడిచింది? ఎందుకు ఆగింది? నిజానికి మూడోదాన్ని నేను డోనర్ల లెక్కలో వేసుకోలేదు. ఇంటి చూరు కింద, టైర్లు చివికిపోయి, ఇంజనే లేకుండా, ఒళ్లంతా కోడిరెట్టతో ఉంది.

"అది నడిసింది రెండు దుక్కులే. ఇంజనులో ఏదో సప్పుడొత్తందని కిందకి అట్టుకెల్లినారు. ఇంజను మల్లీ కొండెక్కనేదు. ఆ ఏడు దుక్కంతా నానే పారతో తవ్వినాను, నాకు తెల్దేటి?"

రెండు దుక్కులు. అంటే దాని గేర్‌బాక్స్ కొత్త పెళ్లికూతురిలాంటిది. పరిగెత్తి వెళ్లి డ్రెయిన్ ప్లగ్, అంటే అడుగున నూనె తీసే బిరడా విప్పాను. తేనె రంగు నూనె కారింది, ఇనుప రజను లేదు. చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాను. పళ్లకూ పళ్లకూ మధ్య ఉండే ఖాళీని బ్యాక్‌లాష్ అంటాం. అది వెంట్రుక వాసే ఉంది. సంతోషంతో ముందుకు వంగాను. ఏదో నా మణికట్టు మీద టక్కున పొడిచింది.

ఇంజన్ ఉండాల్సిన తొట్టెలో, గడ్డి పరుపు మీద, ఒక నల్లకోడి గుడ్ల మీద కూర్చుని ఉంది.

"దాన్నేటీ సెయ్యకు బావూ" అంది కొండమ్మ. "సోటు మారిత్తే గుడ్లొగ్గేత్తాది. పన్నెండు రోజులాగితే పిల్లలైపోతాయి. అప్పుడట్టుకుపో."

సన్యాసి ఆమె కాళ్ల దగ్గరికి జరిగాడు. "పన్నెండు రోజులాగితే నా నారు గడ్డి మేటైపోద్ది అత్తా."

ఆమె మూడు షరతులు పెట్టింది. కోడిని కదపకూడదు. సుత్తి చప్పుడు వినిపించకూడదు. కిరసనాయిలు వాసన రాకూడదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ ఇంజనీరూ నాకు ఇంత కఠినమైన వర్క్ ఆర్డర్ ఇవ్వలేదు.

తుప్పుపట్టిన బోల్టులకు మేం కిరసనాయిలే పోస్తాం. దానికి బదులు కొండమ్మ వంటింట్లోంచి వలిసె గింజల నూనె తెచ్చింది. బోల్టులకు రాసి గంటసేపు కూర్చున్నాం. గేర్‌బాక్స్ లాగేస్తే ముందున్న ఫ్రేమూ, దానితో పాటు గుడ్లూ ఒరిగిపోతాయి కాబట్టి, తొట్టె కింద రాళ్లు పేర్చి నిలబెట్టాం. గేర్‌బాక్సునూ ఫ్రేమునూ కలిపే బోల్టులు నాలుగు. వెనక రెండింటినీ, సన్యాసి నాకూ కోడికీ మధ్య చేట అడ్డం పెడితే, విప్పాను. మిగతా రెండూ సరిగ్గా కోడి తోక కింద ఉన్నాయి.

"ఎండెక్కినాక ఒక్కపాలి మేతకి దిగుద్ది" అంది కొండమ్మ. "ఎంతోసేపుండదు. బేగి వొచ్చేత్తాది."

నలుగురం అరుగు మీద వరసగా కూర్చుని, కోడి భోజనానికి లేచే సమయం కోసం ఎదురుచూశాం. ఆపరేషన్ థియేటర్ బయట కూడా అంత నిశ్శబ్దంగా ఎవరూ కూర్చోరు. బుద్రయ్య దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఎండ వాకిలి సగానికి వచ్చాక కోడి లేచింది. ఒళ్లు దులుపుకుని, మమ్మల్ని ఒకసారి చూసి దిగింది. నేను రెంచీతో పరిగెత్తాను. ఒక బోల్టు వలిసె నూనెకు లొంగి వెంటనే తిరిగింది. రెండోది ససేమిరా అంది. అప్పుడే నా వెనక కొక్కొక్కొ అని వినిపించింది.

"మావా, ఆపు దాన్ని" అన్నాను గుసగుసగా.

బుద్రయ్య లోపలికెళ్లి గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, తెచ్చి, కోడి ముందు చల్లుతూ వెనక్కి వెనక్కి నడుస్తూ దాన్ని వీధిదాకా తీసుకెళ్లాడు. తాను అమ్మజూపిన యంత్రానికి ఆయన చేసిన అసలైన సాయం అదొక్కటే. బోల్టు కిర్రుమని కదిలింది. గేర్‌బాక్సును మెల్లగా వెనక్కి లాగాం. ఫ్రేము రాళ్ల మీద నిలబడింది. కోడి తిరిగొచ్చి, వెనక వెలుతురు ఎక్కువైందేమిటా అన్నట్టు మెడ తిప్పి చూసి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. సన్యాసి కళ్లు తుడుచుకున్నాడు.

బుద్రయ్య మాత్రం మాట మాటే అన్నాడు. చేతిలో చెయ్యి వేశాను కాబట్టి పచ్చది కూడా తీసుకెళ్లాల్సిందేనట. నిజమే, ఆయన రంగు ఇంకా నా చేతిమీద ఉంది. దాని రోటరీ బాగానే ఉండటంతో, తర్వాత వచ్చి తీసుకెళ్తానని ఒప్పుకున్నాను. కొండమ్మ తన విత్తనాల పొట్లాలు తీసుకుని, రెండో టిల్లర్ గేర్‌బాక్స్ ఖాళీ చేసివ్వమని అడిగింది. ఖాళీ చేసి, తుడిచి, మూతకు చేత్తో తిప్పే నట్లు బిగించి ఇచ్చాను.

గేర్‌బాక్సును కర్రకు కట్టి రోడ్డుదాకా మోశాం. మూడోరోజు సన్యాసి మడిలో టిల్లర్ దిగింది. నారు కొంచెం ముదిరింది గానీ బతికింది. మిగతా మూడు కుటుంబాలూ నాట్లు వేసుకున్నాయి. ఆ గేర్‌బాక్స్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ కేసు నాకు నేర్పింది చిన్న విషయం. ముసలితనంతో పోయిన యంత్రంలో భాగాలన్నీ ముసలివే. డోనరుగా పనికొచ్చేది, ఏదో ఒక్క జబ్బుతో వయసులో ఉండగానే పోయిన యంత్రం. కాబట్టి ఎలా ఉంది అని కాదు, ఎందుకు ఆగింది అని అడగాలి. అదైనా అమ్మేవాణ్ణి అడిగి లాభం లేదు. అది ఆగిన రోజు నుంచి దాని పని ఎవరి నడుం మీద పడిందో వాళ్లను అడగాలి.

మొన్నామధ్య రంపచోడవరం వైపునుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత టిల్లర్లు రెండున్నాయి, ఫస్ట్‌క్లాస్ కండిషన్, రంగు కూడా పోలేదు అన్నాడు. నేను అంతా విని, "సరేనండీ, ఫోను ఒకసారి ఇంట్లో ఆవిడకివ్వండి" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, "అవి అంత బాగుండవులెండి" అని పెట్టేశాడు.