పులికాట్‌లో అడిగిన గుక్కెడు నీళ్లు

మా కరువు సీమలో, బత్తలపల్లె సంతలో ఎండుచేపల వాసన తగిలినప్పుడల్లా నాకు పులికాట్ సరస్సు గుర్తొస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు చిన్నమ్మ కుటుంబంతో అక్కడి లంకలు చూడటానికి పడవెక్కాను. "ఇన్ని నీళ్లు కలలోనన్నా చూసినావామే?" అంటూ చిన్నమ్మ పిల్లలు దారంతా ఎగతాళి చేశారు. పడవ చివర ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఒక లంకలో జాలరుల గుడిసెల దగ్గర దిగాం. నా ఈడు పిల్ల ఒకతి వచ్చి, నా చేతిలోని సీసా చూసి, "రవ్వంత నీళ్లియ్యవా పాపా" అంది. చుట్టూ కనుచూపు మేరా నీళ్లే. ఈ పిల్ల కూడా నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను.

"ఇన్ని నీళ్లు పెట్టుకొని నన్నడుగుతాండావా? పో, ఆడ తాగుపో!"

ఆమె నవ్వలేదు. మెల్లగా వెళ్లిపోయింది.

పడవ కదిలాక, లంకలు చూపించే మనిషి చిన్నాయనతో అన్నాడు: "ఇదంతా ఉప్పునీళ్లు సార్. ఈళ్లకి తాగేనీళ్లు పడవలో రావాల్సిందే. ఈ పొద్దు ఇంకా రాలా."

"ఎనక్కి తిప్పన్నా" అన్నాను. మోటారు మోతలో ఎవరికీ వినపడలేదు.

మా ఊళ్లో బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా, దప్పికన్న మనిషిని ఉత్తచేతులతో పంపలేదు. పంపింది నేనొక్కదాన్నే.