కోవిల్‌పట్టిలో రాజమ్మ మాట

మా ఆయన దయ్యాలున్నాయని వాదిస్తే, "మీకన్నా పెద్ద దయ్యమా?" అని ఆటపట్టించేదాన్ని. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన నోరు నాది. అందుకే ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

పన్నెండేళ్ల కిందట ఇద్దరం శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ దర్శనం చేసుకుని కోవిల్‌పట్టిలో దిగాం. పల్లీ చెక్కీ కోసం ఒక ఇంటి అరుగు మీది కొట్టు దగ్గర ఆగాం. కొట్టు నడిపే పెద్దావిడ పేరు రాజమ్మ. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని కూడా తమిళంలోనే బదులిచ్చింది. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లాక తెలుగు బయటపెట్టింది; తరతరాల కిందటే అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లట.

"మన మాట ఇంట్లోనే మాట్లాడేదమ్మా. వీదిలో తమిళమే."

ఆ పూట అన్నం పెట్టింది. అప్పట్లో మా ఆయన బాగా లావు. అయినా "అల్లుడా, ఇంకొంచెం" అంటూ మూడుసార్లు వడ్డించింది.

ఆయన పోయి రెండేళ్లు దాటాక ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. చెక్కీ కోసం కాదు. ఆయన్ని గుర్తుపెట్టుకున్న మనిషి ఆ ఊళ్లో ఒక్కరైనా ఉన్నారేమోనని. మేం దిగిన లాడ్జి లేదు, అక్కడ సెల్‌ఫోన్ల షాపు. రాజమ్మ ఇంటి అరుగు తీసేసి అద్దాల తలుపుల కొట్టు కట్టారు. కొట్లో ఉన్న కోడలికి నేనెవరో తెలియదు. అత్తగారిని చూడాలని అడిగితే లోపల మంచం చూపించి, నీళ్లు తేవడానికి వెళ్లింది.

రాజమ్మ నన్ను చూసింది. తర్వాత నా వెనక, తలుపులోంచి వీధిలోకి చూసింది.

"అల్లుణ్ణి ఎండలో ఏంటికి నిలబెట్టినావు? లోనికి రమ్మను. అయ్యో, ఇట్ల చిక్కిపోయినాడే!"

తిరిగి చూశాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో నరపురుగు లేదు.

కోడలు చెంబుతో వచ్చింది. అత్త పలకరించిందని చెబితే నన్ను జాలిగా చూసింది. "అత్తకు పక్షవాతమొచ్చి మూడేండ్లాయక్కా. అప్పుట్నించి ఒక మాట లేదు."

నిజమే. ఆ తర్వాత ఎంత పిలిచినా రాజమ్మ పెదవి కదపలేదు.

నేనే పొరబడ్డానేమో. ఒంటరిగా ఉండి ఉండి చెవులు కూడా చెడతాయి. కానీ చివరి నెలల్లో మా ఆయన ఎముకల గూడు అయ్యాడని ఆ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఇది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అది కూడా కాదు నా బాధ. కోడలు ఏమనుకుంటుందోనని, ఆయన్ని లోపలికి రమ్మని పిలవలేదు.