నేను వేరు పెట్టమన్నది డ్రయ్యర్‌ని

నా మాట సగమే విని, మిగతా సగం తనే కల్పించుకుంటారు మా అత్తమ్మ. పొద్దున వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ కోసం షాపతనికి ఫోన్ చేశాను.

"కలిపున్నది ఒద్దన్నా. ఒకటి చెడితే రెండూ ఆగుతయ్. వేరువేరుంటేనే మంచిది."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, అత్తమ్మ కబురు పెడితే ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చిన వాళ్లన్న సోఫాలో కూర్చునున్నారు.

"ఏం బిడ్డా, పెండ్లయి ఏడాది గాలే, గప్పుడే వేరు పడ్తవా?"

వంటింట్లోకి చూస్తే అత్తమ్మ గిన్నెలు కూడా పంచేశారు! పెద్ద కుక్కర్ నా వాటాలో ఉంది.

"అయ్యో, నేనన్నది మెషిన్ల గురించి మామయ్యా!"

"మెషిన్లైతేంది? కల్పున్నదే తీస్కో. ఇంట్ల వేరు అన్న మాటే ఒద్దు."

మీ ఇళ్లలో బట్టలుతకడానిక్కూడా పంచాయితీ పెడతారా?

రేపు వేరువేరుగానే కొంటున్నాను.